సర్వాయి పాపన్న: తాటిచెట్టు నుంచి కోటగోడ దాకా



భువనగిరి గుట్ట మీద ఎనిమిదో తరగతి పిల్లలకు ఒకరోజు రాక్ క్లైంబింగ్ శిక్షణ ఉంటుందని పోయిన నెల సర్క్యులర్ పంపినప్పటి నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. తాడు తెగితే ఎవరు బాధ్యులని ఒకరు అడిగారు. బండలెక్కితే మార్కులు పెరుగుతాయా అని ఇంకొకరు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. పాలకుర్తి వైపు నుంచి వచ్చే ఒక బాబు తాతగారు మాత్రం పేరెంట్స్ మీటింగ్‌లో వేరే మాట అన్నారు. ఆయన నలభై ఏళ్లు తాళ్లెక్కిన మనిషి. మనవడికి ఎక్కడం నేర్పడానికి కూడా ఫీజు కడుతున్నామా అని నవ్వారు. ఆ గదిలో అందరం నవ్వాం. ఈ నెల జీవిత కథకు ఎవరిని ఎంచుకోవాలో అప్పుడే తేలిపోయింది.

పాలకుర్తి అనగానే మనకు గుర్తొచ్చే పేర్లు మూడు. బసవ పురాణం రాసిన పాల్కురికి సోమనాథుడు, పక్క ఊరు బమ్మెరకు చెందిన పోతన, భూమి కోసం నిలబడ్డ చాకలి ఐలమ్మ. పిల్లల ప్రాజెక్టు ఫైళ్లలో ఏటా ఈ ముగ్గురే ఉంటారు, చార్టుల మీద బొమ్మలు కూడా అవే. ఇదే జనగామ జిల్లాలో, రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌లో పుట్టాడని చెప్పే సర్వాయి పాపన్న మాత్రం చార్టుల దాకా అరుదుగా వస్తాడు. ఎందుకు రాడో ఈ కథ చదివితే కొంత తెలుస్తుంది. ఆయన కథ అంత సాఫీగా చెప్పే కథ కాదు.

ఏటా ఆగస్టు 18న మన రాష్ట్ర ప్రభుత్వం ఆయన జయంతి జరుపుతుంది. 1650లో ఆ రోజున పుట్టాడని జనం నమ్మకం. తల్లి పేరు సర్వమ్మ. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లే పెంచిందంటారు. ఇంటి వృత్తి కల్లు గీత.

ఆ వృత్తి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన పిల్లల్లో చాలామంది తాటిచెట్టును బస్సు కిటికీలోంచి చూడటమే. తాటిచెట్టుకు కొమ్మలుండవు. పట్టుకోవడానికి, ఆగి ఊపిరి పీల్చుకోవడానికి ఏమీ ఉండదు. గీత కార్మికుడి దగ్గర ఉండేవి కొద్ది వస్తువులే. చెట్టు చుట్టూ, తన నడుం చుట్టూ కలిపి వేసుకునే మోకు. పాదాలను దగ్గరగా పట్టి ఉంచే గుజి. కత్తులూ లొట్టీ తగిలించుకోవడానికి నడుముకు ముస్తాదు. పాదాలు చెట్టుకు ఆనించి వెనక్కి వాలితే మోకు బిగుస్తుంది. ఆ బిగువు మీదే ఒళ్లంతా ఆగుతుంది. పైకి జరగాలంటే ఒక్క క్షణం ముందుకు వంగి, మోకు వదులు చేసి, పైకి ఎగరేసి, మళ్లీ వెనక్కి వాలాలి. ఆ ఒక్క క్షణమే ప్రమాదం. భయపడి చెట్టును కౌగిలించుకున్నవాడే జారతాడు. ధైర్యంగా వెనక్కి వాలినవాడు నిలబడతాడు. రాక్ క్లైంబింగ్ కోచ్‌లు మొదటి రోజు పిల్లలకు చెప్పేదీ ఇదే. బండకు అతుక్కుపోవద్దు, ఒంటిని కొంచెం వెనక్కి ఉంచి బరువు పాదాల మీద వేయమంటారు.

ఈ పని రోజుకు ఒకసారితో అయిపోదు. పొద్దున, సాయంత్రం, చెట్టు తర్వాత చెట్టు. వానాకాలంలో మానంతా పాకుడు పట్టి ఉంటుంది. మోకు తెగినా జారినా కింద ఇంకో తాడు లేదు, పట్టుకునే మనిషి లేడు. అయినా తాటివనంలోకి వెళ్తే వినపడేవి హాస్యాలే. ఈ చెట్టు మీంచి ఆ చెట్టు మీది వాడిని ఆటపట్టించడం, ఎవరి లొట్టి నిండలేదో, ఎవరు నడుమ ఆగి ఆయాసం తీర్చుకున్నారో కిందున్నవాళ్లకు వినపడేలా అరవడం. పైకెక్కే వృత్తి ఏదైనా ఇంతేనేమో. భువనగిరి బండ మీద కూడా సగంలో కాళ్లు వణికే కుర్రాడిని కుట్టుమిషన్ తొక్కుతున్నావా అని కిందినుంచి ఏడిపిస్తారు. కానీ ముడి సరిచూసేటప్పుడు ఒక్కరూ జోకులేయరు. మోకు చూసుకునేటప్పుడు గీత కార్మికుడూ అంతే.

పాపన్న ఈ పని నేర్చుకున్నాడు, కానీ చేయనన్నాడు. ఆయన మీద కట్టిన పాట ఇక్కడే మొదలవుతుంది. తాళ్లెక్కి కల్లు గీయమని తల్లి చెప్తే, ఎక్కితే గోల్కొండ కోటే ఎక్కాలని కొడుకు అన్నాడట. ఆ మాటకు ఏ తల్లయినా ఎంత భయపడి ఉంటుందో, ఏటా కెరీర్ గైడెన్స్ సమావేశానికి వచ్చే మీకు చెప్పక్కర్లేదు.

పాట పక్కన పెట్టి కాగితం చూద్దాం. పాపన్న గురించి రాతలో దొరికే ముఖ్యమైన కథనం ఖాఫీ ఖాన్‌ది. ఔరంగజేబు కాలం మొగలు చరిత్రను పారశీకంలో రాసిన ఆయన పాపన్నకు మిత్రుడు కాదు. ఆయన దృష్టిలో పాపన్న దారిదోపిడీ మనిషి. కథనం మొదలే చేదుగా ఉంటుంది. పాపన్న 1690ల చివర్లో భర్త పోయిన తన అక్క దగ్గరున్న డబ్బు, నగలు బలవంతంగా తీసుకుని, ఆ సొమ్ముతో మనుషులను కూడగట్టాడని, తాటికొండ గుట్ట మీద మోటుగా ఒక కోట కట్టి బాటసారులను దోచాడని రాశాడు. ఇది శత్రుపక్షం రాత కాబట్టి కొట్టిపారేయొచ్చు కదా అని మీరనొచ్చు. నేనైతే పిల్లలకు ఇది కూడా చెప్పాలంటాను. వీరుడి కథలో ఆడబిడ్డ ఏడుపు ఉంటే దాన్ని కత్తిరించి చెప్పడం వీరుడికీ మర్యాద కాదు, ఆ ఆడబిడ్డకూ కాదు.

అప్పటి రోజులు ఎలాంటివో కూడా చెప్పాలి. 1687లో గోల్కొండ మొగలుల చేతికి పోయింది. కుతుబ్‌షాహీ కొలువు చెదిరిపోయింది. కొత్త పాలకుల దృష్టంతా పన్నుల మీద, దక్కన్ యుద్ధాల ఖర్చు మీద ఉండేది. పల్లెల్లో దిక్కు లేని యువకులు చాలామంది. పాపన్న వెంట నడిచినవాళ్ల పేర్లు పాటలో మిగిలాయి: చాకలి సర్వన్న, మంగలి మానన్న, కుమ్మరి గోవిందు, మేదరి ఎంకన్న, దూదేకుల పీరు, హసన్, హుస్సేన్. కులం, మతం చూడని దండు. ఇంతమంది చేతిపని వాళ్లు ఒక్కచోట చేరడమే ఆ దండు బలం అనిపిస్తుంది నాకు. కోటకు నిచ్చెన కావాలంటే మేదరి ఉన్నాడు, ఎత్తులెక్కాలంటే నాయకుడి కులవృత్తే అది. ఇది నా ఊహ మాత్రమే, ఎక్కడా రాసి లేదు.

తాటికొండ మీద ఎక్కువ రోజులు నిలవలేకపోయాడు. ఫౌజుదార్లు, జమీందార్లు వెంటపడితే వాయవ్యంగా చాలా దూరం, కౌలాసు దాకా పారిపోయి అక్కడి జమీందారు వెంకటరావు కొలువులో చేరాడు. అక్కడా దోపిడీకి దిగితే వెంకటరావే చెరసాలలో వేశాడు. కొన్ని నెలల తర్వాత జమీందారు కొడుక్కి జబ్బు చేసింది. బిడ్డ కోలుకోవాలని తల్లి ఖైదీలందరినీ విడిపించింది. ఆ పుణ్యం ఖాతాలో పాపన్నా బయటపడ్డాడు.

తిరిగి వచ్చింది సొంత నేలకే, షాపూర్‌కు. ఖిలాషాపూర్ అన్న పేరులోని ఖిలా అంటే కోట. ఆ కోట ఆయనదే. హైదరాబాదు నుంచి సైన్యం వచ్చింది. కొలనుపాక ఫౌజుదారు ఖాసిం ఖాన్ పోరులో చనిపోయాడు. తర్వాత నాయబ్ సుబేదారు రుస్తుం దిల్ ఖాన్ స్వయంగా వచ్చి రెండు నెలలు ముట్టడి వేసి కోటను పేల్చేశాడు. పాపన్న తప్పించుకున్నాడు. సైన్యం అటు వెళ్లగానే ఇటు వచ్చి, ఈసారి రాయి, సున్నంతో కోట మళ్లీ కట్టి ఫిరంగులు ఎక్కించాడు. ఈ ఊళ్లో ఇప్పటికీ కోట శిథిలాలున్నాయి. హైదరాబాదు, వరంగల్ మధ్య తిరిగేటప్పుడు ఒక అరపూట పిల్లలతో దిగి చూడండి. గోడల అంచులకు మాత్రం ఎవరినీ ఎక్కనివ్వకండి. మూడు వందల ఏళ్ల సున్నం ఎక్కడ వదులైందో పైకి కనిపించదు.

ఇక వరంగల్ కథ. 1707లో ఔరంగజేబు చనిపోయాడు. కొడుకులు సింహాసనం కోసం కొట్టుకుంటున్నారు. 1708 మార్చి 31 రాత్రి, మర్నాడు ఆషూరా అనగా, పాపన్న వరంగల్ ముందుకు వచ్చాడు. రెండు మూడు వేల కాలిబలం, నాలుగైదు వందల గుర్రపు దళం. ఊరంతా పీర్ల ఊరేగింపు ఏర్పాట్లలో ఉంది. మొదట కొందరు వెళ్లి దారులు మూసేశారు. ఆ తర్వాత మిగిలినవాళ్లు తాళ్లతో గోడలెక్కారు.

ఎక్కడం తెలిసినవాళ్ల కంటితో ఈ వరస చూడండి. ఎదురుగా ఉన్నది కాకతీయుల రాతిగోడ. కాబట్టి గోడను ఓడించే పని పెట్టుకోలేదు, గోడను దాటే పని పెట్టుకున్నాడు. ఎక్కే రోజు, ఎక్కే వేళ ముందే ఎంచుకున్నాడు. బయటి నుంచి సాయం రాకుండా చూసుకున్నాకే తాడు మీద చేయి వేశాడు. ఈ రోజుల్లో రూట్ ప్లానింగ్ అంటున్నది ఇదే. చెట్టు కింద నిలబడి మానును కిందినుంచి పైదాకా ఒకసారి చూసుకోనిదే గీత కార్మికుడు మోకు వేయడు.

లోపల జరిగింది మాత్రం గొప్పగా చెప్పుకునేది కాదు. దోపిడీ జరిగింది. ఎందరినో బందీలుగా పట్టుకుపోయారు. వాళ్లలో ఆడవాళ్లు, పసిపిల్లలు ఉన్నారు, ఊరి ఖాజీ భార్యాబిడ్డలూ ఉన్నారు. ఆ సొమ్ముతో పాపన్న డచ్చి, ఇంగ్లీషు వర్తకుల దగ్గర ఏడు వందల జంట గొట్టాల తుపాకులు కొన్నాడు. రాజుల్లా పల్లకీ ఎక్కి తిరిగాడు. వరంగల్ కోటను గీత కార్మికుడి కొడుకు గెలిచిన రాత్రిని పాట ఇప్పటికీ గర్వంగా పాడుతుంది. బందీలైన వాళ్ల కోసం ఏ పాటా లేదు.

రెండు నెలల తర్వాత, 1708 జూన్ 1న, మన పిల్లలు వెళ్లబోతున్న భువనగిరి వంతు వచ్చింది. ఈసారీ పండగ పూటే, ప్రవక్త పుట్టినరోజు వేళ. కానీ వరంగల్‌లా కలిసి రాలేదు. మనుషులు బందీలుగా దొరికారు గాని పని అనుకున్నట్టు సాగలేదు. గుట్టను ఒకసారి దగ్గర్నుంచి చూస్తే ఆశ్చర్యం అనిపించదు. అది ఒకే బండ, ఐదు వందల అడుగులకు పైన ఎత్తు. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు దాని మీద కోట కట్టాడు, ఊరికి ఆ పేరు అతని నుంచే వచ్చింది. గోడకు సందులుంటాయి, రాళ్ల మధ్య వేళ్లు పెట్టొచ్చు. ఈ బండకు చాలాచోట్ల సందే లేదు, నున్నటి వాలు. అక్కడ చేతులతో లాభం లేదు, అరికాలి రాపిడే ఆధారం. బూటు అడుగు పూర్తిగా బండకు ఆనించి, మడమ కిందికి దించి, నమ్మి నిలబడాలి. చీకట్లో, ఆయుధాలతో, పైనుంచి కాపలావాళ్లు చూస్తుండగా ఆ వాలు ఎక్కడం ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

పాపన్న పతనం తొందరగానే వచ్చింది. 1709 జనవరిలో కొత్త పాదుషా బహదూర్ షా హైదరాబాదులో దర్బారు చేశాడు. పాపన్న పద్నాలుగు లక్షల రూపాయల కానుక ఇచ్చి గౌరవ వస్త్రాలు అందుకున్నాడు. ఒక్క పూటైనా ఆయన కోరుకున్న గుర్తింపు దక్కింది. బందీల బంధువులు, పెద్దమనుషులు షా ఇనాయత్ ముందుండగా పాదుషా దగ్గర మొరపెట్టుకున్నారు. పాదుషా మనసు మార్చుకుని, పాపన్నను అణచమని సుబేదారు యూసుఫ్ ఖాన్‌కు ఆజ్ఞ ఇచ్చాడు.

అసలు దెబ్బ మాత్రం ఇంట్లోంచే తగిలింది. పాపన్న భార్య అన్నదమ్ముడు ఒకాయన షాపూర్ చెరలో ఖైదీగా ఉన్నాడు. భర్త ఊళ్లో లేని సమయంలో ఆమె అన్నం గిన్నెల్లో ఆకురాళ్లు దాచి పంపింది. సంకెళ్లు కోసుకుని ఖైదీలు కోటనే పట్టుకున్నారు. తన కోట తలుపు తనకే మూసుకుపోయింది. అక్క సొమ్ముతో మొదలైన కథకు ఇంకో ఇంటి ఆడబిడ్డ ఇట్లా జవాబు చెప్పింది. ఖాఫీ ఖాన్ ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూపలేదు, చదివినప్పుడు మనకే తడుతుంది.

పాపన్న మళ్లీ తాటికొండ ఎక్కాడు. నెలల తరబడి ముట్టడి సాగింది. యూసుఫ్ ఖాన్ ఆయన మనుషులకు రెట్టింపు జీతం ఆశ చూపాడు. మందుగుండు అయిపోయింది. 1710లో ఒంటరిగా, వేషం మార్చుకుని హసనాబాదు చేరాడు. అక్కడ గుర్తుపట్టింది ఒక కల్లు గీసే మనిషి. అదే వృత్తి, అదే యాస. వేషం దండును మోసం చేయగలదు గాని తోటి గీతగాణ్ణి చేయలేకపోయింది. పట్టుకుని చంపేశారు. తల ఢిల్లీ దర్బారుకు వెళ్లింది.

అంతటితో పేరు చెరిగిపోవాలి. అట్లా జరగలేదు. శారద కథలు చెప్పేవాళ్లు, ఊరూరా తిరిగే పాటగాళ్లు దాన్ని మోసుకుపోయారు. 1874లో జె.ఎ. బోయిల్ అనే ఆంగ్లేయుడు ఈ పాటను సేకరించి అచ్చువేసింది జనగామలో కాదు, ఎక్కడో దూరాన బళ్లారిలో విన్నాక. దొంగ అని రాసిన పుస్తకం కొద్దిమంది చదివారు, పాట మాత్రం అందరూ విన్నారు.

ఇప్పుడు మీ ఫోన్లకు జవాబు. భువనగిరి బండ మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకున్న పిల్లల్లో మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఉన్నారు. ఇద్దరూ ప్రభుత్వ గురుకులాల పిల్లలు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. మన పిల్లలను ఎవరెస్ట్‌కు పంపడం లేదు, ఒక పూట తాడు మీద ముప్పై అడుగులు ఎక్కిస్తాం. తాడు విషయం అడిగారు కాబట్టి చెప్తున్నాను. పడితే కొంచెం సాగి కుదుపును మింగే డైనమిక్ తాడునే మన పిల్లలకు వాడమని అడిగాం. బట్టలారేసే నైలాన్ తాడుకు ఆ గుణం లేదు, ఎంత లావున్నా సరే. తాడు మీద యూఐఏఏ లేదా సీఈ గుర్తు ఉండాలి. ఒక్కసారీ వాడకుండా బీరువాలో దాచినా పదేళ్లు దాటిన తాడును తయారీదారులే పారేయమంటారు. ఎండకు, బ్యాటరీ ఆసిడ్ తగిలినా లోపలి పోగులు చచ్చిపోతాయి, పైన ఏమీ తెలియదు. నడుముకు హార్నెస్, తలకు హెల్మెట్, ఎనిమిది ఆకారపు ముడి, మర బిగించిన క్యారబినర్. ఎక్కేవాడి ముడిని కింద తాడు పట్టేవాడు, పట్టేవాడి పరికరాన్ని ఎక్కేవాడు ఒకరిది ఒకరు చేత్తో తాకి చూశాకే మొదటి అడుగు. ఈ కాగితమంతా క్యాంపు రోజు మీ ముందు పెట్టమని నిర్వాహకులను అడగండి. మేమూ అడిగాం.

ఇదే రకం సామాను ఇప్పుడు తాటివనాల్లోకి కూడా వచ్చింది. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్లు, బెల్టులు, క్లిప్పులున్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. గీత కార్మికులు మొక్కే కాటమయ్య పేరే దానికి పెట్టారు. మోకు జారినా మనిషి చెట్టుకే వేలాడేలా ఏర్పాటు. పాపన్న పుట్టిన కాలం నుంచి ఆ రెండో తాడు రావడానికి మూడు వందల డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది.

తాతగారు సంతకం పెట్టే ముందు సామాను చూస్తానన్నారు. శాంపిల్‌గా తెచ్చిన హార్నెస్ తెప్పించాం. బకిల్ రెండుసార్లు లాగి చూశారు, తాడును వేళ్ల మధ్య జార్చుకుంటూ ఈ కొస నుంచి ఆ కొస దాకా వచ్చారు, ఎక్కడైనా మెత్తబడిందేమోనని. హెల్మెట్ మనవడి నెత్తిన పెట్టి కాస్త నవ్వారు. తర్వాత ఒకటే అడిగారు, ఈ తాడు రెండో కొస ఎవరు పట్టుకుంటారని. శిక్షకుడు పట్టుకుంటాడని చెప్పాం. ఆయన ఫోన్ నంబరు ఇవ్వండి, ముందు ఆయనతో మాట్లాడతానన్నారు.